చావైనా, దూరమైనా

హార్గ్రోవ్ వారి గుర్రబ్బండి కోర్టు ఆవరణలోకి వచ్చి ఆగేసరికి కెజీయా మెట్ల పక్కన నిలబడి ఉంది. బండిలో అడెలైన్ దొరసాని నల్లపట్టు గౌనులో వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఆవిడ కాళ్ళ దగ్గర చిన్న పీట మీద కెజీయా కూతురు లిండీ ముడుచుకుని ఉంది. పదేళ్ళ పిల్ల. తల్లీకూతుళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని మూడు నెలలైంది. లిండీ తల్లిని చూసింది, చూసి వెంటనే తల దించేసుకుంది. ఆ ఇంట్లో ఎవరికేసి ఎంతసేపు చూడొచ్చో పిల్లకి మళ్ళీ నేర్పినట్టున్నారు.

కెజీయాకి అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళు బిగించి ఊరుకుంది. ఇవాళ నోరు జారితే పిల్ల చెయ్యి జారుతుంది. ఆ సంగతి దొరసానికీ తెలుసు, అందుకే లిండీని వెంటబెట్టుకుని మరీ వచ్చింది.

బండి తోలే క్యాటో బాబాయి ముందు బల్ల మీంచి కెజీయా వైపు చూసి టోపీ కాస్త ఎత్తాడు. డెబ్బై దాటిన మనిషి. యుద్ధానికి ముందూ అదే బండి తోలాడు, యుద్ధం అయిపోయాకా అదే బండి తోలుతున్నాడు. "బానిసతనం పోయిందని నీకెవరూ చెప్పలేదా తాతా" అని కుర్రకారు ఏడిపిస్తే, "చెప్పార్రా, తిండి ఎక్కడ పెడతారో చెప్పకుండా పోయారు" అనేవాడు.

అమెరికా దక్షిణాది రాష్ట్రం జార్జియాలో బానిసతనం పోయి ఏడాది అయింది. పోయిందని యుద్ధం గెలిచిన ఉత్తరాది నీలికోటు సిపాయిలు చెప్పారు. ఓడిపోయి ఇళ్ళకి చేరిన పెద్దమనుషులు మాత్రం గాయాల కట్లన్నా విప్పకుండా రాజధానిలో కూర్చుని కొత్త చట్టం రాసుకున్నారు. తండ్రి దగ్గర లేని, తల్లి పోషించలేని నల్లపిల్లల్ని పని నేర్పే పేరుతో ఏదైనా మంచి ఇంటికి అప్పగించొచ్చట, ఇరవయ్యొకటో ఏడు వచ్చేదాకా. ఆ మంచి ఇళ్ళు ఏవో మళ్ళీ చెప్పాలా? నిన్నటిదాకా ఆ పిల్లల తల్లుల్ని ఏ ఇళ్ళలో కొరడాలతో బాదారో ఆ ఇళ్ళే.

క్రిస్మస్ వెళ్ళగానే కెజీయా హార్గ్రోవ్ వారి పంచ వదిలేసి, కూతురితో బెథనీ ఊరి చివర గుడిసెలో కాపురం పెట్టింది. యుద్ధంలో పెకలించేసిన రైలు పట్టాలు మళ్ళీ వేస్తున్న కూలీల బట్టలు ఉతికి బతుకుతోంది. ఫిబ్రవరిలో ఒకరోజు ఏటి నుంచి తడిబట్టల గంపతో వచ్చేసరికి గుడిసె తలుపు బార్లా తెరిచి ఉంది. పొయ్యి మీద మొక్కజొన్న రొట్టె మాడి కంపు కొడుతోంది. షెరీఫ్ మనిషి వచ్చి లిండీని గుర్రం మీద ఎక్కించుకుపోయాడని పక్క గుడిసెవాళ్ళు చెప్పారు. కెజీయా గంప అక్కడే పారేసి పరుగెత్తుకుంటూ పోయింది. అడెలైన్ దొరసాని వరండాలో నిలబడి ఏమీ జరగనట్టే మాట్లాడింది.

"పిల్ల కులాసాగా ఉందే. నువ్వూ వచ్చెయ్. నీ గది ఖాళీగానే ఉంది. నీ చేతి వంట లేక నాకు ముద్ద దిగడం లేదు."

"జీతమిస్తారా అమ్మా?"

"జీతమేంటే? నీ కూతురికి తిండి పెడుతున్నాగా."

అదీ అసలు సంగతి. దూడని కట్టేస్తే ఆవు తనంతట తనే దొడ్లోకి వస్తుందని ఆవిడ ఎత్తు. కెజీయా రాలేదు. ఊళ్ళో ఉన్న నీలికోటు కెప్టెన్ దగ్గరికి పోయి మొత్తుకుంది. ఆయన చుట్ట ముట్టించుకుంటూ కోర్టులో తేల్చుకోమన్నాడు. ఆ తేలే రోజు ఇవాళ.

"ఏమన్నా తిన్నావుటే పొద్దున్నే?" అంటూ జునో దగ్గరికి వచ్చింది. జునో, ఆమె మొగుడు సైలస్ హార్గ్రోవ్ వారి పొలంలోనే పంటలో వాటాకి పనిచేస్తున్నారు.

"తిట్లు మింగాను. కడుపు నిండిపోయింది."

"వాటిని అక్కడే ఉంచుకో. జడ్జి ముందు మాత్రం తల దించుకుని, అయ్యా బాబూ అని మాట్లాడు."

"ముప్పై ఏళ్ళుగా దించుతూనే ఉన్నాగా వదినా. ఏం మిగిలింది?"

జునో తన భుజం మీది శాలువా తీసి కెజీయాకి కప్పింది, చిరిగిన జాకెట్టు కనబడకుండా.

అయిదేళ్ళ కిందట ఇదే కోర్టు మెట్ల మీద కొత్త జెండా ఎగరేశారు. రాష్ట్రం దేశం నుంచి విడిపోయిందని గంటలు మోగించారు, తుపాకులు గాల్లోకి పేల్చారు. ఆ మధ్యాహ్నం హార్గ్రోవ్ వారింట్లో విందు. పళ్ళెం పట్టుకుని నిలబడ్డ కెజీయా ఎదురుగానే దొరసాని గ్లాసెత్తి, "ఇక మన మీద ఎవరి పెత్తనమూ ఉండదు" అంది. అందరూ లేచి తాగారు. కొందరికి కళ్ళనీళ్ళు కూడా తిరిగాయి. గోడ వారగా పళ్ళేలు పట్టుకుని నిలబడ్డవాళ్ళ మొహాలకేసి చూడాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. స్వేచ్ఛ గురించి అంత గొంతు చించుకున్న మనుషుల్ని కెజీయా అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఏడాది తిరిగేసరికి ఆ నోళ్ళకి ఉప్పు కరువైంది. ఉత్తరాదివాళ్ళు రేవులు మూసేసి ఓడలు ఆపేశారు. పందిమాంసం పొగబెట్టే కొట్టులో ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళు కారి నానిన మట్టినేల ఉంది కదా, దాన్ని తవ్వించారు. ఆ మట్టిని నీళ్ళలో కలిపి, వడగట్టి, కాగులో మరగబెడితే అడుగున ఇంత మురికి ఉప్పు మిగిలేది. ఆ పని కెజీయాది. చేతులు పుళ్ళుపడి, పుళ్ళలోకి ఆ ఉప్పే దిగి ఆమె ఏడుస్తుంటే, "మన సిపాయిలు ఇంతకన్నా కష్టపడుతున్నారే" అని దొరసాని ఊరడించింది. మన సిపాయిలట. ఆ సిపాయిలు గెలిస్తే కెజీయా మనవలు కూడా అదే మట్టి తవ్వాలి. దొర వర్జీనియా యుద్ధంలో పోయినట్టు కబురొచ్చిన రోజు దొరసాని నల్లబట్టలు వేసుకుంది. ఏడవమన్నారు కాబట్టి ఇంట్లో అందరితోపాటు కెజీయా కూడా ఏడ్చింది.

ఆమెకి నిజంగా ఏడుపొచ్చిన రోజు వేరే ఉంది. ఆమె మొగుడు గిడియన్ పక్క పొలం బాక్స్‌టర్ దొర బానిస. శనివారం సాయంత్రం దొర ఇచ్చిన చీటీతో వచ్చి, ఆదివారం పొద్దుగూకేలోపు వెళ్ళిపోయేవాడు. ఆ కాస్త కాపురంలోనే లిండీ పుట్టింది. యుద్ధం బెడిసికొడుతోందని ముందే వాసన పట్టిన బాక్స్‌టర్, తన మగవాళ్ళందరికీ గొలుసులు వేయించి టెక్సాస్‌లో తన తమ్ముడి భూములకి తోలుకుపోయాడు. ఇక్కడే ఉంటే నీలికోట్లు వచ్చి వదిలించేస్తారని భయం. టెక్సాస్ అంటే వెయ్యి మైళ్ళు. గిడియన్ ఇంకా రాలేదు. బతికుంటే నడుస్తూ ఉంటాడని కెజీయా నమ్మకం.

కోర్టు గదిలో నల్లవాళ్ళకి బల్లల్లేవు. వచ్చినవాళ్ళంతా బయట కిటికీల దగ్గర గుమిగూడారు. పత్తిచేలల్లో కలుపు ఏపుగా లేస్తున్న రోజులు, అయినా చాలామంది పారలు గట్టున పడేసి వచ్చారు. ఇవాళ కెజీయా పిల్ల పోతే రేపు తమ పిల్లలు పోతారని అందరికీ తెలుసు.

దొరసాని ముందు మాట్లాడింది. పిల్లని తన సొంతపిల్లలా చూసుకుంటున్నానంది. ఊరూపేరూ లేని కూలీల గుడ్డలు ఉతుకుతూ తిరిగే మనిషి దగ్గర ఆడపిల్ల ఎలా పెరుగుతుందని బాధపడింది. జడ్జి తల ఊపాడు. ఆయన వాళ్ళింట్లో ఎన్ని భోజనాలు చేశాడో, ఆ గిన్నెలు తోమిన కెజీయాకి బాగా తెలుసు.

"నీకు మొగుడున్నాడా?" అన్నాడు జడ్జి ఆమెతో.

"ఉన్నాడు దొరగారూ. గిడియన్ అండి."

"ఎక్కడ?"

"టెక్సాస్ తోలుకుపోయారండి."

"కొత్త చట్టం ప్రకారం, ఇప్పుడు కలిసి కాపురం చేస్తున్నవాళ్ళే మొగుడూ పెళ్ళాలు. నీతో ఎవడూ లేడు. అంటే ఆ పిల్లకి తండ్రి లేనట్టే."

"ఆ చట్టం పుట్టకముందే మాకు పెళ్ళయిందండి. పిల్ల పుట్టకముందే. దొరసానమ్మగారి పెరట్లో, క్రిస్మస్ పూట. మేం దూకిన చీపురు ఒక కొస పట్టుకుంది ఆవిడే."

అడెలైన్ దొరసాని నవ్వింది. "అది సరదా జడ్జిగారూ. పండగపూట పనివాళ్ళని సంతోషపెట్టాలని ఆడించే ఆట. ఇద్దరూ చీపురు మీంచి దూకుతారు, ఎవరి కాలు తగిలితే వాళ్ళు జీవితాంతం రెండోవాళ్ళ మాట వినాలని మేం పందేలు కాసేవాళ్ళం. దాన్ని పట్టుకుని ఇది పెళ్ళంటోంది."

"ఆటయితే పాస్టరుగారు ఎందుకొచ్చారమ్మా?" అంది కెజీయా.

పాస్టర్ ట్వీడీ దొరసాని పక్కనే ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ మంచితనానికి సాక్ష్యం చెప్పడానికి వచ్చాడు. జడ్జి తనకేసి చూసేసరికి ఇబ్బందిగా కదిలాడు.

"ఏవో నాలుగు మాటలు చెప్పి ఉంటాను. గుర్తులేదు."

"నాకు గుర్తుంది పాస్టరుగారూ. తెల్లవాళ్ళ పెళ్ళిళ్ళకి బల్లలు సర్దుతూ మీరు చదివేది ఎన్నిసార్లో విన్నాను. చావు విడదీసేదాకా అనేవారు. మా దగ్గరికి వచ్చేసరికి దానికో ముక్క అతికించారు. చావు గానీ దూరం గానీ విడదీసేదాకా అన్నారు. దూరమేంటే అని గిడియన్ నా చెవిలో అడిగాడు. నాకూ తెలీలేదు, చిన్నదాన్ని. తర్వాత తెలిసింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మమ్మల్ని అమ్ముకోడానికి దేవుడి ముందే దారి అట్టేపెట్టుకున్నారన్నమాట."

"నోరు అదుపులో పెట్టుకో," అన్నాడు జడ్జి.

"పెట్టుకుంటానండి. ఒక్క సంగతి ఆయన్ని చెప్పమనండి. ఆ దూరం గిడియన్ తనంతట తాను పోయాడా? గొలుసేసి లాక్కుపోయినోళ్ళు ఎవరండి? మీరే దూరం చేసి, మీరే దూరమయ్యాడంటే ఎట్టాగండి?"

కిటికీల దగ్గర చిన్న కలకలం రేగింది. ట్వీడీకి చిర్రెత్తుకొచ్చింది. ఒక చాకలి పనిమనిషి తనని నిలదీయడమేమిటని లేచి నిలబడి, ఆదివారం ప్రసంగం చెప్పే గొంతుతో అందుకున్నాడు.

"జడ్జిగారూ, దీన్ని ఇక్కడితో తేల్చేద్దాం. ఈ జిల్లాలో సగంమంది నల్లవాళ్ళకి ఆ మాటలు చెప్పింది నేనే. వాటిలో ఒక్కటి కూడా పెళ్ళి కాదు. చట్టం ముందూ కాదు, దేవుడి ముందూ కాదు. అలా చెబితే వాళ్ళు కుదురుగా పనిచేసుకుంటారని యజమానులు అడిగేవారు. చెప్పాను. అంతే."

కెజీయా ఒక్కదాన్ని ఓడించడానికి ఆయన అంత మాటా అనేశాడు. కిటికీల దగ్గర నిలబడ్డది ఎవరో చూసుకోలేదు. ఇంట్లో పనివాళ్ళు ఉండగానే అన్నీ మాట్లాడేసుకోవడం ఆయనకీ, ఆయనలాంటివాళ్ళకీ పుట్టినప్పట్నుంచి ఉన్న అలవాటు. పనివాళ్ళకి చెవులుంటాయని వాళ్ళకి ఎవరూ నేర్పలేదు.

జడ్జి తీర్పు చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. లిండీ ఇరవయ్యొకటో ఏడు వచ్చేదాకా హార్గ్రోవ్ వారింట్లోనే ఉండాలి. భోజనాల వేళయిందని ఆయన లేచిపోయాడు. దొరసాని కెజీయా పక్కనుంచి వెళ్తూ ఆగి, గొంతు తగ్గించి మంచిగానే చెప్పింది. "సాయంత్రానికి సామాను తెచ్చేసుకో. రేపు దుప్పట్లు ఉతకాలి."

నోరు తెరిస్తే అది మాటగా ఆగదని కెజీయాకి తెలుసు. బయటికి వచ్చింది.

ట్వీడీ అన్న మాట కిటికీల నుంచి వెనక నిలబడ్డవాళ్ళ దాకా, అక్కడ్నుంచి గుర్రాల దగ్గరున్న క్యాటో దాకా అప్పటికే పాకిపోయింది. జునో సైలస్ చెయ్యి పట్టుకుని నిలబడింది. వాళ్ళ పెళ్ళీ ట్వీడీ చేసిందే. చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామందివి ట్వీడీ చేసినవే. మొగుణ్ణి అమ్మేస్తే ఏళ్ళ తరబడి ఏడ్చినవాళ్ళు, చచ్చిపోయిన పెళ్ళాం పేరే పిల్లకి పెట్టుకున్నవాళ్ళు అక్కడ నిలబడి ఉన్నారు. మీరు ఏడ్చింది ఎవరికోసమూ కాదని ఇప్పుడు వాళ్ళకి చెప్పారు.

దొరసాని బండి ఎక్కి, లిండీని మళ్ళీ కాళ్ళ దగ్గర పీట మీద పెట్టుకుని కూర్చుంది. ఆవిడతో భోజనానికి వెళ్ళాల్సిన ట్వీడీ కాలు మెట్టు మీద పెట్టాడు. క్యాటో వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"పాస్టరుగారూ, రూత్‌కీ నాకూ కూడా మీరే చెప్పారు. మీరు కొత్తగా పాస్టరయిన రోజులు."

"ఇప్పుడవన్నీ ఎందుకు క్యాటో. పోనియ్."

"రూత్ పోయి చాలా ఏళ్ళయిందండి. కలిసి కాపురం చేస్తేనే మొగుడూ పెళ్ళాలు అంటే, నేనిప్పుడు చెయ్యలేను గదా. మావాళ్ళ ఆచారం ప్రకారం ఆవిడ సమాధి మీద గవ్వలు పేర్చాను. ఆవిడ తాగే కప్పు పెట్టాను. నా పెళ్ళామనే పెట్టాను. ఇంతకీ ఆవిడ నాకేమవుతుందో చెప్పండి, తోలతాను."

ట్వీడీ టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

"క్యాటో, తిక్క వేషాలెయ్యకు," అంది దొరసాని. "ఎండ మాడ్చేస్తోంది. పోనియ్యి."

క్యాటో పగ్గాలు బల్లకి చుట్టాడు. మోకాళ్ళు సహకరించక బండి అంచు పట్టుకుని మెల్లిగా కిందకి దిగాడు. దిగి, టోపీ పెట్టుకుని, దొరసాని మొహంలోకి సూటిగా చూశాడు. "ఇంకెవర్నన్నా చూసుకోండి దొరసానమ్మా."

ఆవిడకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గుంపులోకి చూసి పిలిచింది. "సైలస్, ఎక్కి తోలు."

సైలస్ కదల్లేదు. "మా ఆవిణ్ణి అడిగి చెప్తానమ్మా. కానీ నాకు పెళ్ళామే లేదంటున్నారు. మరి ఎవర్నడగమంటారు?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు గుంపంతా పాకింది. దాంట్లో సంతోషం లేదు, వింటే ఎవరికైనా తెలుస్తుంది. దొరసాని ఇంకో పేరు పిలిచింది, ఇంకో పేరు పిలిచింది. ఆ పేర్లన్నీ ఆవిడ మామగారు తన బానిసలకి పెట్టినవే. ఒక్కరూ రాలేదు. ట్వీడీ తనే తోలదామని ముందు బల్ల వైపు వెళ్ళేసరికి, జునో నడుచుకుంటూ వచ్చి గుర్రాల ముందు నిలబడింది. ఆమె పక్కన ఇంకో ఆవిడ వచ్చి నిలబడింది. కాసేపటికి దారే కనబడలేదు. ఎవరూ చెయ్యెత్తలేదు, ఎవరూ అరవలేదు.

షెరీఫ్ మెట్ల మీదికి వచ్చి నడుము దగ్గరి తుపాకీ మీద చెయ్యేశాడు. ఆవరణంతా కలయజూశాడు. జిల్లాలో ఉన్న ప్రతి చేనులోనూ కలుపు తీయాల్సిన చేతులు అక్కడే ఉన్నాయి. వాటిలో తన చేను చేతులూ ఉన్నాయి. ఎదుటి అరుగు మీద నీలికోటు సిపాయిలు ఇద్దరు కూర్చుని చూస్తున్నారు. షెరీఫ్ మెట్ల మీదే ఆగిపోయాడు. రేపు వస్తాడు. ఒక్కొక్క గుడిసెకీ వస్తాడు, మనుషులు ఒంటరిగా దొరికినచోట వస్తాడు. కెజీయాకి ఆ సంగతి తెలుసు, అందుకే రేపటికి ఈ ఊళ్ళో ఉండకూడదని అప్పుడే అనుకుంది. పడమటి దారి పట్టాలి, గిడియన్ వస్తే ఆ దారినే రావాలి.

ఆమె బండి పక్కకి వచ్చి చెయ్యి చాపింది. "దా లిండీ."

లిండీ తల్లి చేతికేసి చూసింది. ఉప్పు తిన్న మచ్చలు పోని చెయ్యి అది. పిల్ల పీట మీంచి సగం లేచి ఆగిపోయింది. తలెత్తి దొరసాని మొహంలోకి చూసింది.

"దిగనా అమ్మగారూ?"

కెజీయాకి కోర్టులో రాని ఏడుపు అప్పుడొచ్చింది. జడ్జి మాటకన్నా, పాస్టర్ మాటకన్నా ఆ ప్రశ్న లోతుగా కోసింది. తను కని, తను పాలిచ్చిన పిల్ల, బండి దిగి తల్లి దగ్గరికి రావడానికి ఆవిడ సెలవు అడుగుతోంది. ఈ దొరలు యుద్ధంలో ఊళ్ళు పోగొట్టుకున్నారు, మనుషుల్ని పోగొట్టుకున్నారు. తమ పెత్తనాన్ని మాత్రం పోనివ్వకుండా పిల్ల లోపల దాచుకున్నారు.

దొరసాని ఏదో చెప్పబోయింది. కెజీయా చెప్పనివ్వలేదు.

"ఆవిణ్ణి కాదు. నన్నడుగు."

లిండీ ఇద్దరికేసి మార్చి మార్చి చూసింది. పెదవులు తడుపుకుంది. ఇంత చిన్న మాటకి పిల్ల ఎంతసేపు తీసుకుంటే అంతసేపూ అక్కడే నిలబడటానికి కెజీయా సిద్ధంగా ఉంది.

"దిగనా అమ్మా?"

"దిగు."

లిండీ దిగింది. దిగి, ఇప్పుడెటు పోవాలని కూడా తల్లినే అడిగింది.